దారిల ఉన్ననని చెప్పిన ఐతారం

ఎండకాలం గుట్ట ఎక్కేటోడు తొమ్మిది గొట్టేసరికి నీడకు చేరాలె, లేకుంటే ఇంట్లనే పండుకోవాలె. ఇది మా బాల్‌రాజ్ మాట. నలభై ఏండ్ల సంది ఇంటున్న. గసొంటి మనిషి పోయినేడు మే నెలల, మిట్టమధ్యాహ్నం, గుట్ట దారిల సోయి లేకుంట పడి దొరికిండు. ఊరోళ్లు ఏమన్నరు? బుద్ధి తప్పింది అన్నరు. పెండ్లాం గదే అన్నది, బిడ్డ గదే అన్నది. ఆఖరికి వాడు కూడ గదే అనుకున్నడు. ఎవని బుద్ధి తప్పిందో నాకు తెల్సు. అదే చెప్త, జర ఓపిక పట్టుండ్రి. నడుమ అడ్డం రావొద్దు. నాకు కోపం జల్ది వస్తది, ఆ సంగతి తాండూర్ బజార్ల ఎవర్నడిగినా చెప్తరు.

నా పేరు అమర్‌నాథ్. తాండూర్ల మాది కిరాణ హోల్‌సేల్. తాత పెట్టిన దుకాణం, నాయిన పెంచిండు, నేను అండ్ల కూసొని బొజ్జ పెంచిన. బాల్‌రాజ్‌ది కోట్‌పల్లి. ఆడి చెర్వు ప్రాజెక్టు మీద లస్కర్ నౌకరి. లస్కర్ అంటే చెర్వు తూము తెరిచేటోడు, మూసేటోడు, కాల్వ పొంటి తిరిగి ఏ పొలానికి నీళ్లు అందినయో, ఎవడు దొంగతనంగ గండి పెట్టిండో చూసేటోడు. చిన్నప్పుడు తాండూర్ల మేనమామ ఇంట్ల ఉండి చదివిండు. ఆరో తరగతిల నా పక్కన కూసున్నడు. చదువుల ఇద్దరం అంతంతే. నాకు లెక్కలు వచ్చు, వానికి దార్లు వచ్చు.

పదో తరగతి పరీక్షలు అయినంక, ఎండలు మండుతుంటె, "రా, గుట్టలు చూపిస్త" అని తోల్కపోయిండు. అట్ల షురూ అయింది. ఎండకాలం ఐతారాలు మావే. మార్చి ఆఖరుల మొదలుపెడితే మిరుగు కార్తె వానల దాక ఒక్క ఐతారం ఇడిసేది లేదు. పొద్దుగాల ప్యాసింజర్ల నేను తాండూర్ల ఎక్కుతుంటి, ధారూర్ల దిగుతుంటి. వాడు కోట్‌పల్లికెళ్లి పాల బండి మీద కూసొని ధారూర్ స్టేషన్‌కు ముందుగాలనే వచ్చి బెంచి మీద ఉంటుండె. ఆడికెళ్లి అడివిల పడి, గుట్టెక్కి, అవతలి దిక్కు కోట్‌పల్లి చెర్వు కాడ దిగుతుంటిమి. కొన్ని ఐతారాలు వికారాబాద్ దాక పోయి అనంతగిరి గుట్టలు ఎక్కుతుంటిమి. మా నాయినకు మాత్రం ఇది ఎన్నడు సమజ్ కాలే. "గుట్టెక్కి ఏం అమ్మొస్తవ్‌రా?" అని అడుగుతుండె. నిజంగనే అడుగుతుండె పాపం, ఎగతాళికి కాదు.

వానకాలం పచ్చగుంటది గదా, ఎండకాలం ఏం పోతరు అంటరు మా ఇంట్ల. వానకాలం లోకమంత వస్తది. ఎండకాలం ఆకు రాలి దారి బయటపడ్తది. యాసంగి పంటకు నీళ్లిడిసి తూము బందు పెట్టినంక లస్కర్‌కు కూడ జర తీరిక. తునికి పండ్లు, మొర్రి పండ్లు అప్పుడే. ఎండిన వాగుల ఇసుక తోడితే జానెడు లోతుల చెలిమ ఊరుతది, దోసిట్ల పట్టుకొని తాగితే నోట్ల పండ్లు జివ్వుమంటయి. ఇగ చెర్వు సంగతి చెప్పొద్దు. నీళ్లు దిగి, ఎన్నడో మునిగిపోయిన పొలాల గట్లు పైకి తేలుతయి. వాడు ఆ గట్ల మీద నడుసుకుంట "గిది మా తాత మడి, గిది మా పాలోళ్లది" అని చెప్తుండె. నాకు అన్ని ఒక్కతీరే కనపడుతుండె. అయినా తలకాయ ఊపుతుంటి.

నడిచేటప్పుడు వాడు ముంగట, నేను ఎనుక. వాడు మాట్లాడడు, నేను నోరు మూయను. సగం దారి పోయేసరికే నా సీసాల నీళ్లు అయిపోతుండె. "నీళ్లు ఎండకు పోతలేవ్‌రా, నీ ముచ్చట్లకు పోతున్నయ్" అని నవ్వుతుండె. కొన్నేండ్లు చూసి, నా కోసమని ఇంకో సీసా వాడే తెచ్చుడు షురూ చేసిండు. రాధమ్మ, అంటే వాని పెండ్లాం, జొన్న రొట్టెలు, తొక్కు ఇద్దరికి కట్టి పంపుతుండె. తినేటప్పుడు మంచి రొట్టె నాకు, మాడింది వానికి. నేను ఒక్కసారన్న "నువ్వు తినరా" అన్ననా? అనలే. ఎప్పుడు తట్టలే కూడ.

ఇప్పుడు నా రోగం చెప్త. మా దుకాణపోళ్లం "లేదు" అనం. పదకొండేండ్లప్పుడు గల్ల పెట్టె కాడ కూసున్న, ఒకాయన సేడం దిక్కుకెళ్లి వచ్చి బెల్లం అడిగిండు, "లేదు" అన్న. ఎనుకకెళ్లి మా నాయిన వీపు మీద ఒక్కటిచ్చిండు. గిరాకీ ముంగటనే. "లేదు అంటవా? లేదు అంటే పక్క దుకాణంకు పోతడు. పోయినోడు మల్ల ఎందుకొస్తడు?" అన్నడు. మరి ఏమనాలె? "వస్తది." "దారిల ఉంది." "జరసేపు కూసో." కూసున్నోడు ఇంకో నాలుగు సామాన్లు కొంటడు, బెల్లం సంగతి మర్సిపోతడు. గట్ల నాలిక అలవాటు పడ్డది. దుకాణంల అయితే ఠీకే. కాని నాలిక దుకాణంల ఇడిసిపెట్టి ఇంటికి రాలేం గదా! చుట్టాలు పెండ్లికి పిలిస్తె వస్త అంట, పోను. మా ఇంటామె జ్యోతి పెండ్లయిన ఏడాదిలనే నన్ను పట్టేసింది. "ఈయన పోదాం అన్నడంటే చీర తియ్యకు" అని ఆడోళ్లకు చెప్పి నవ్వుతది.

బాల్‌రాజ్‌కు మాత్రం నలభై ఏండ్లయినా పట్టుపడలే. ఎందుకంటే వాని పని గసొంటిది. బుధారం తూము ఇడుస్త అన్నడంటే బుధారం తెల్లారకముందే ఇడుస్తడు. ఆ మాట మీద రైతులు మడి దున్నుకుంటరు, కూలోళ్లను మాట్లాడుకుంటరు. నీళ్లు రాకుంటే వాళ్ల గతేం కావాలె? మాట అంటే వానికి నీళ్ల లెక్క, ఇడిసినంక పోయి చేరాలె. ఎదుటోని మాట కూడ గంతే అనుకుంటడు. నా అసొంటోని మాట కూడ!

ఇరవై ఐదేండ్లు మంచిగ నడిచినం. తర్వాత నాకు ఏజెన్సీలు పెరిగినయి, బొజ్జ పెరిగింది, మోకాలు నొయ్యబట్టింది. ఐతారం కూలర్ ముంగట పండుకుంటే లేవబుద్ధి కాకుండె. గుట్టలకు పట్నపోళ్లు కార్లేసుకొని రాబట్టిరి, చెర్వుల పడవలు తిరగబట్టె. వాడు మాత్రం అదే దారి, అదే బెంచి. శనివారం మాపటికి ఫోన్ చేస్తుండె. "రేపు?" అంటుండె. గంతే, ఒక్క మాట. నేను "వస్త" అంటుంటి. పది ఐతారాలల్ల రెండు పోతుంటి. మిగిలిన ఎనిమిది వాడు బండి వచ్చేదాక చూసి, నేను దిగకుంటే ఒక్కడే పోతుండె. తెల్లారి ఫోన్ల "ఏమైంది?" అని అడుగుతుండె. గిరాకీ వచ్చింది అంటుంటి, తలకాయ నొచ్చింది అంటుంటి. "మంచిది, పైలం" అనేటోడు.

రాను అని ఎందుకు చెప్పలే? మస్తుసార్లు నన్ను నేనే అడుక్కున్న. వాడు బాధపడ్తడని అనుకుంటే అది కూడ అబద్ధమే. వస్త అన్నప్పుడు నాకు మంచిగనిపిస్తుండె, నిజం గది. ఇంక నేను గుట్టలెక్కే మనిషినే అని నాకు నేను నమ్మకం చెప్పుకుంటుంటి. నా సంబురానికి వాన్ని బెంచి మీద కూసోబెట్టిన. థూ నా బతుకు!

ఇగ పోయినేడు. మే నెల మూడో ఐతారం. వాని నౌకరి ఇంకో నెలన్నరల అయిపోతుండె. శనివారం ఫోన్ల ఎప్పటి లెక్క ఒక్క మాట కాదు, మస్తు మాట్లాడిండు. "చెర్వు బాగ దిగిందిరా అమర్. మా తాత బాయి తేలింది. నేను పుట్టినంక దాన్ని రెండుసార్లే చూసిన. గోడ రాళ్లు రాళ్ల లెక్కనే ఉన్నయి, ఒక్కటి కదల్లే. నీకు చూపియ్యాలె. నౌకరి దిగిపోయేలోపు ఒక్కపారి మొత్తం దారి నడుద్దాం." గొంతుల గంత సంబురం నేనెప్పుడు ఇనలే. "పక్కా వస్తరా" అన్న. పక్కా అన్న, చూడుండ్రి. దుకాణంల ఆ మాట వాడితే మాల్ అసలు బయల్దేరనే లేదని అర్థం.

పొద్దుగాల ఫోన్ మోగింది. "బండెక్కినవా?"

"దారిల ఉన్న" అన్న. పక్క మీదికెళ్లి లేవకుంటనే అన్న.

ధారూర్ల బండి ఆగి పోయినంక మల్ల చేసిండు. "దిగలేదేందిరా? డబ్బాలన్ని చూసిన."

"అరె, నిమిషంల తప్పిపోయింది. పది గంటల బండి ఉంది గదా, అండ్ల వస్త. ఆగు."

"ఎండ అయితది గద."

"ఏం కాదు, ఆగు."

ఆగిండు. నేను పూరీలు తిన్న, చాయ తాగిన, మనుమడు టీవీ చూస్తుంటె పక్కన కూసున్న. పది గంటల బండి కూడ పోయింది. పదకొండు కాబట్టె, మూడోసారి ఫోన్. నాకు కోపమొచ్చింది. నాకే, చూడుండ్రి నా నసీబు! తప్పు నాది, కోపం నాకు. వీడు ఇడ్సడేందిరా అని పండ్లు కొరుక్కుంట ఫోన్ ఎత్తిన. ఇంటికి పో, నేను రాను అంటే అయిపోతుండె. నోటికి రాలే. ఏమన్ననో తెల్సా? "బస్సు ఎక్కినరా, కోట్‌పల్లి దిక్కుకెళ్లి వస్తున్న. నువ్వు చెర్వు కాడికి రా, నేను ఆడ ఉంట" అన్న.

"ఆడ నీడ లేదురా, ఒక్కనివి ఏం కూసుంటవు? ఉండు, జల్ది వస్త" అన్నడు.

ఫోన్ పెట్టేసి, మోగకుంట చేసి, కూలర్ ముంగట పండుకున్న. వాడు ఆటో ఎక్కుతడు అనుకున్ననా? ఏం అనుకోలే. పీడ పోయింది అనుకున్న, గంతే.

వాడు ఆటో కోసం చూసిండో, దొరకలేదో, తెల్వదు. అడ్డదారిన గుట్ట మీదికెళ్లే పోయిండు. నేను ఎండల ఒక్కన్నే కూసొని ఉంటనని ఉరుకుర్కిన పోయి ఉంటడు. మధ్యాహ్నం రెండు దాటినంక మేకలు కాసే పాండు చూసిండట. దారి పక్కన బండ కాడ బోర్ల పడి ఉన్నడు, ఒళ్లు పెనం తీర్గ కాలుతున్నది, పిలిస్తే పలుకుతలేడు. సంచిల రొట్టెలు ఉన్నయి. ఒక సీసా ఖాళీ. ఇంకోటి నిండుగ ఉన్నది, మూత కూడ తియ్యలే. అది నాది. నా సీసా తాగుదామన్న ఆలోచన కూడ వానికి రాలే. పాండు ఆ నీళ్లే వాని నెత్తి మీద పోసిండట.

వికారాబాద్ దవాఖానకు, ఆడికెళ్లి పట్నంకు తీస్కపోయిండ్రు. నాకు మాపటికి తెల్సింది. వాని బిడ్డ దీక్షిత ఫోన్ చేసి ఏడ్సుకుంట చెప్పింది. చెప్పి అడిగింది: "కాకా, నువ్వు రాలేదా? నాయిన గుట్ట మీద ఎందుకున్నడు?"

అప్పుడన్న చెప్పొద్దా? మనిషి చావు బతుకుల మీద ఉన్నడు. అప్పుడు కూడ నా నాలిక దుకాణపు నాలికనే. "బస్సు దొరకలే బిడ్డా. ఫోన్ చేసి చెప్పిన. నువ్వు ఇంటికి పో అని చెప్పిన. ఎందుకు పోయిండో మరి" అన్న.

ఇరవై రెండు రోజులకు కండ్లు తెరిచి మనుషులను గుర్తుపట్టిండు. పానం దక్కింది. కాళ్లు మాట ఇనకుంట అయినయి. అడుగు ఒక దిక్కు ఎయ్యబోతే ఇంకో దిక్కు పోతది, పట్టుకోకుంటే పడ్తడు. మాట జర ముద్దముద్దగ వస్తది. ఎండ మెదడుకు తగిలింది, ఇది గింతే అన్నరు డాక్టర్లు. నౌకరి ఆఖరు రోజు దవాఖాన మంచం మీదనే ఎల్లిపోయింది. బెంచి మీద కూసున్న యాది వానికి ఉన్నది, మొదటి బండి వచ్చిన యాది ఉన్నది. ఆ తర్వాత ఏమైందో మొత్తం తుడుసుకపోయింది. వాని ఫోన్ ఆ గుట్టలల్లనే పోయింది.

అంటే ఏంది? నా అబద్ధానికి సాక్షి లేడు. నేను చెప్పిందే నిజమైంది.

వాడు ఇంటికొచ్చిననాటికెళ్లి ఒక్క ఐతారం తప్పకుంట కోట్‌పల్లి పోతున్న. మోకాలు నొస్తలేదు, గిరాకీ యాదికొస్తలేదు, ఏ అడ్డం లేదు. చాపత్త, చక్కెర, కందిపప్పు కట్టుకొని పోత. వాడు అరుగు మీద గోడకు ఆనుకొని కూసొని ఉంటడు, నేను పక్కన కూసుంట. రాధమ్మ "రా అన్నా" అని మంచిగ పలకరించి చాయ పోస్తది. దారెంట పోయేటోళ్లు ఆగి "దోస్తాన్ అంటే గిట్లుండాలె శేటూ" అంటరు. అది ఇన్నప్పుడల్ల చాయ మింగుడు పడదు. అయినా తాగుత.

వాడు ఎట్లయిండో చెప్పాలె. ఎండ చూసి టైం చెప్పే మనిషి, మబ్బు చూసి చెర్వుకు ఎన్ని అడుగుల నీళ్లొస్తయో చెప్పే మనిషి, ఇప్పుడు ప్రతిదానికి పెండ్లాన్ని అడుగుతున్నడు. "బయట కూసోవచ్చునా?" "నీళ్లు తాగాల్నా?" "అంగీ ఎయ్యాల్నా?" రైతులు వచ్చి ఈయేడు వానలెట్లుంటయి అని అడిగితే "నన్ను అడగకుండ్రి" అంటడు. రాధమ్మ ఒక్కోసారి కడుపుల బాధ ఆగక తిడ్తది. "అమర్ అన్న ఇంటికి పొమ్మన్నడు గదా, ఇన్నవా? లోకానికంత చెప్తివి, నువ్వే మిట్టమధ్యాహ్నం పోతివి." వాడు తలకాయ కిందికేస్తడు. "పొమ్మన్నడేమో. యాదికి లేదు. నాకెందుకు బుద్ధి తప్పిందో" అంటడు. నేను పక్కనే ఉంట. నా చేతుల చాయ గిలాస ఉంటది. నోరు తెరుస్త, మూస్త. ఇట్ల తొమ్మిది నెలలు.

కాళ్లు పోయినందుకు వాడు ఏడువలే. తన మీద తనకు నమ్మకం పోయింది, దానికి ఏడ్సిండు. ఒకనాడు నాకు ఒక్కనికే చెప్పిండు, "కాళ్లు పోతే పోనీరా, కూసొని బతుకుత. గాని ఆనాడు ఎందుకు పోయిననో తెల్వక నాకు నేనంటేనే భయమైతున్నది" అని. అప్పుడు కూడ చెప్పలే నేను. చెప్తే దీక్షిత నా మొఖం చూడదు, రాధమ్మ చాయ పొయ్యదు, ఊరు నా మొఖాన ఊంచుతది. ఆ భయం.

మొన్న ఏప్రిల్ల, ఒక ఐతారం పొద్దుగాల, నేను పోయి కూసున్న కాసేపటికి ముగ్గురు పిల్లలు బండ్ల మీద వచ్చిండ్రు. వికారాబాద్ల కాలేజీల చదువుతున్నరట. ఐతారాలు గుట్టలు తిరుగుతరట, మా లెక్కనే. వాళ్లల్ల నిఖిల అనే పిల్ల ముంగటికొచ్చి, "తాతా, ధారూర్‌కెళ్లి చెర్వు దాక గుట్ట మీద పాత దారి ఉందట గదా, మీకే తెల్సు అన్నరు. వచ్చే ఐతారం నడుద్దాం అనుకుంటున్నం. ఎప్పుడు బయల్దేరాలె, నీళ్లు ఏడ దొరుకుతయి, జర చెప్తరా?" అన్నది. చేతుల కాయితం, పెన్ను పట్టుకొని ఉన్నది.

ఆ దారి ఈ భూమ్మీద వాని కన్న బాగ ఎవనికి తెల్వదు. ఏ బండ పక్కకెళ్లి తిరగాలె, ఏ వాగుల చెలిమ తియ్యాలె, అంత వాని అరచేతిల ఉంటది. వాడు ఆ పిల్ల దిక్కు చూసిండు. పెదవులు కదిలినయి. మల్ల తలకాయ అడ్డం ఊపిండు.

"నన్నడగకు బిడ్డా. నాకు ఎండ సమజ్ కాదు. నన్నడిగి పోతే మీరు కూడ పడ్తరు" అన్నడు.

ఆ పిల్లలు ఒకరి మొఖం ఒకరు చూసుకొని, "పర్లేదు తాతా" అని బండ్ల కాడికి పోయిండ్రు. వాడు గోడ దిక్కు తిరిగిండు. భుజాలు ఊగుతున్నయి.

ఇగ నా తోని కాలే. చాయ గిలాస కింద పెట్టిన. "బాల్‌రాజ్, నీకు బుద్ధి తప్పలేదురా" అన్న. రాధమ్మ గడప కాడ ఆగింది. "ఆనాడు నేను ఇంటికి పొమ్మనలే. చెర్వు కాడికి రమ్మన్న. నేను బస్సు ఎక్కిన, ఆడ ఉంట అని చెప్పిన. బస్సు లేదు, బండి లేదు. నేను ఇంట్ల పండుకున్న. ఆనాడు రావాలని కూడ అనుకోలే."

గోడ దిక్కుకెళ్లి మెల్లగ ఇటు తిరిగిండు. నా మొఖంల ఏదో ఎతుకుతున్నడు.

"ఫోన్ నేను చేసిన్నా?"

"మూడుసార్లు చేసినవ్."

"చెర్వు కాడ ఉంట అన్నవా? ఎండల?"

"అన్న."

"నేనేమన్న?"

"ఆడ నీడ లేదు, జల్ది వస్త అన్నవ్."

తిడ్తడు అనుకున్న. కొట్టాలె అనుకున్న. ఆ చెయ్యి లేస్తే నేనే చెంప పెట్టేటోన్ని. వాడు నవ్విండు! దేవుని మీద ఒట్టు, ఏడాదిల మొదటిసారి ఆ మొఖం విచ్చుకున్నది. "రాధా! ఓ రాధా! ఇన్నవా? నాకు పిచ్చి లేవలేదే. వీడు ఎండల కూసున్నడని పోయిన. మరి పోకుంటే ఎట్ల, చెప్పు? ఎవరైనా పోతరు గదా!" అని ఒకటే అంటున్నడు. ముద్దముద్ద మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నయి, కండ్లెంబడి నీళ్లు కారుతున్నయి. రాధమ్మ నా దిక్కు చూసింది. ఆ చూపు నేను చెప్పలేను. వంగి నా ముంగటి చాయ గిలాస తీసుకొని, సగం ఉండంగనే, లోపలికి పోయింది.

"ఆ పిల్లలను పిలువురా" అన్నడు నాతోని. "జల్ది, పోతరు."

ఉరికిన. బొజ్జేసుకొని, చెప్పులు లేకుంట ఉరికిన. పిల్లలు ఎనుకకొచ్చి అరుగు కింద కూసున్నరు. వాడు చెప్పబట్టిండు. ఆరు గొట్టకముందే అడివిల ఉండాలె. మొదటి వాగు దాటినంక ఎడమకు తిరగాలె, కుడికి పోతే ముండ్ల పొద. రెండో వాగుల నల్ల బండ కింద చెలిమ తియ్యాలె. తొమ్మిదికి చెర్వు కాడ ఉండాలె, లేకుంటే ఏడున్న ఆడనే నీడకు ఆగాలె. మనిషికి రెండు సీసాలు, ఎవని సీసాలు వాడే తాగాలె. "ఎవడన్న రాకుంటే వాని కోసం ఆగొద్దు బిడ్డా" అన్నడు. నా దిక్కు చూడలే. నిఖిల అంత రాసుకున్నది.

పిల్లలు పోయినంక అరుగు మీద ఇద్దరమే. చెర్వు దిక్కుకెళ్లి గాలి వస్తున్నది. వాడే అన్నడు, నిమ్మళంగ అన్నడు: "రాను అని పొద్దుగాలనే చెప్తే అయిపోతుండెరా. సల్లపూట ఒక్కన్నే నడుసుకుంట పోతుంటి. ఎప్పుడు పోలేదా?"

వాని కాళ్ల మీద పడ్డ. ఆ కాళ్లే, మాట ఇనని కాళ్లు. లేపనీకె చెయ్యి చాపిండు, చెయ్యి పక్కకు పోయి నా చెవికి తగిలింది. "లే, చూస్తరు" అన్నడు.

లేచి, కండ్లు తుడుసుకొని, సంచి సదురుకున్న. బయల్దేరంగ నోటికి అలవాటైన మాటే వచ్చింది. "వచ్చే ఐతారం వస్తరా" అన్న. ఈసారి నిజంగనే అన్న.

వాడు నా చెయ్యి పట్టుకొని ఆపిండు.

"వస్తే రా అమర్. గాని వస్తనని చెప్పకు. నువ్వు చెప్తే నేను ఎదురుచూస్త."